ఇంకో గడి

జనవరి. సస్కాచెవాన్‌లో మైనస్ ముప్పై నాలుగు.
ఒరెస్ట్ హ్రిత్సాక్ ట్రక్కు తలుపు తీస్తే
కీలు ముసలికుక్కలా మూలిగింది.

కంచె గుంజ మీద ఇసుకసంచి, సంచి మీద రైఫిలు,
మూడు వందల గజాల అవతల అట్టముక్క.
స్వయంగా కట్టుకున్న తోటాలు ఐదు పేల్చాడు.
ఐదూ బెత్తెడు కిందనే తగిలాయి
పక్కపక్కన, బుద్ధిగా,
తప్పు చేసినట్టు కాదు,
అలిసిపోయినట్టు.

వేగం కొలిచే పెట్టె కూడా అదే చెప్పింది:
సెప్టెంబరు కంటే సెకనుకి నూట నలభై అడుగులు తక్కువ.
అదే ఇత్తడి, అదే గుండు, అదే డబ్బాలో మందు.
మందుకి చలేసింది, అంతే.
నిప్పు తగిలినా
దుప్పట్లోంచి లేవని బడిపిల్లాడిలా
ఒళ్ళు విరుచుకుని విరుచుకుని అంటుకుంది.

అక్కడితో వదిలేయాల్సింది.

ఒరెస్ట్ గోధుమరైతు. తగ్గిందంటే
పొయ్యడమే తెలిసినవాడు.
నేలమాళిగలో దీపం కింద త్రాసు పెట్టుకున్నాడు.
గ్రెయిన్ అంటే గింజే.
కంసాలికి గురివిందగింజ ఎలాగో
తోటా కట్టేవాడికి ఆ గింజ అలాగ.
అరగింజ వేశాడు. ఇంకో అరగింజ.
రోడ్డు పక్కకి పోవడం, పేల్చడం, తిరిగి రావడం,
పోయిన వేగం మళ్ళీ దొరికేదాకా.
పుస్తకంలో అచ్చేసిన హద్దు దాటావా అంటే
"కాస్త," అన్నాడు, "చలికి."

"మరి జూలైలో?" అంది స్టెఫ్కా.
"జూలైలో జింకని ఎవడు వేటాడతాడు?"

రోగానికి వేసినా, గ్లాసులో పోసినా,
తుపాకిలో కూరినా
తెలుగులో మందు మందే.
మోతాదు మరిచినవాడికి మూడూ ఒకే దారి.

మంచు కరిగింది. విత్తారు.
"మంచివి" అని పెన్సిల్‌తో రాసిన పెట్టె,
నలభై ఎనిమిది తోటాలు,
ట్రక్కు ముందు అద్దం కింద అలాగే ఉండిపోయింది.

జూలై నెలాఖరు. కనోలా పసుపుకి కళ్ళు నొప్పెడుతున్నాయి.
ముప్పై ఆరు డిగ్రీలు నీడలో. అద్దం కింద ఎంతో ఎవరూ చూడలేదు.
దూడల్లోకి కయోటీ దిగింది.
తీసిన తోటా చేతికి చురుక్కుమంది.
అప్పుడైనా ఆగాల్సింది.

పేలింది.
ఆ చప్పుడులో ఒక అక్షరం ఎక్కువుంది.
కయోటీ ఎటు పోయిందో అతను చూడలేదు.
బోల్టు తెరుచుకోలేదు.
చెక్కసుత్తితో మూడు దెబ్బలు వేస్తే గానీ
ఇత్తడి బయటికి రాలేదు.
అడుగున ప్రైమరు
రైలుపట్టా మీద పెట్టిన నాణెమంత చదును.
కుడికన్ను మూసి తెరిచాడు. ఉంది.
ఎడమది. ఉంది.

ఆ రాత్రి భోజనానికి పైకి రాలేదు.
ఒక్కో తోటా బిగించి, సిమెంటు గచ్చు మీద మోది,
గుండు ఊడదీసి, మందు పళ్ళెంలోకి వొంపాడు.
వంటింట్లో స్టెఫ్కా లెక్కపెట్టింది.
నలభై ఏడు.
ఏమీ అడగలేదు.

ఆమె విత్తనాల ల్యాబులో ముప్పై ఏళ్ళు చేసింది.
మొలకశాతం పక్కన డిగ్రీలు లేని కాగితం మీద
ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు.
అతని నోటుపుస్తకం తెరిచి చూసింది:
మందు, గుండు, వేగం. మూడే గడులు.
పేజీ అంచున స్కేలు పెట్టి ఇంకో గీత గీసింది.
పైన పేరేమీ రాయకుండా మూసేసింది.

నవంబరు. పాత కొలతే, సెప్టెంబరుది.
మళ్ళీ బెత్తెడు కిందకే.
మందు మందగించింది. అది దాని స్వభావం.
ఒరెస్ట్ గురిని బెత్తెడు పైకి జరిపాడు.
చేతిజోడు పళ్ళతో లాగి
కొత్త గడిలో ఇరవై తొమ్మిది అని రాసుకున్నాడు.
ట్రక్కు దాకా నడిచి,
ఏదో గుర్తొచ్చి, మోకాళ్ళ లోతు మంచులో వెనక్కొచ్చి,
గుంజ మీద పుస్తకం ఆనించి
ఆ అంకె ముందు
చిన్న అడ్డగీత పెట్టాడు.